తోడని నీటికి వెల



మా గ్రామీణ కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఒకటి కొన్ని వారములుగా మా బల్లమీదనే ఉన్నది. వ్రాసినవారు రాయలసీమలో ఒక చిన్న వ్యవసాయ సహకార సంఘమునకు కార్యదర్శి. ఉత్తరము పొడవైనది కాదు. "భూమి వేడెక్కుచున్నదనియు, వానలు గతి తప్పుచున్నవనియు మీరు వారమున కొకమారు చెప్పుచున్నారు. ఆ సంగతి మీకంటె ముందు మా చేలకు తెలిసినది. నేను సర్వసభ్య సమావేశములో లేచి, లోకమునకు మేలు కలుగును గనుక మనము సౌర పంపులు పెట్టుకొందమన్నచో చేయి ఎత్తువారెవరు? చేయి ఎత్తించునది ఏదో అది చెప్పుడు" అని వారు వ్రాసిరి.

ప్రశ్న మాకు నచ్చినది. కొంచెము గుచ్చుకొన్నది కూడ. మేము పట్టణములో పంకా క్రింద కూర్చుండి వాతావరణమును గూర్చి ప్రసంగములు వ్రాయువారము. మా మాటకు ఖర్చు లేదు. ఆ కార్యదర్శి మాటకు కలదు. ఒక తీర్మానము చేయించి, సభ్యుల వాటాధనమును దానిలో పెట్టి, తీరా అది చెడిపోయినచో, మరుసటి సంవత్సరము ఆయన ఊరిలో తలయెత్తి తిరుగలేడు. కావున సిద్ధాంతములను ప్రక్కకు పెట్టి, ఒక సంఘము నిజముగా చేయి ఎత్తిన సందర్భము నొకదానిని చూతము. అది జరిగినది మన ప్రాంతమున కాదు. గుజరాతు రాష్ట్రమున, ఖేడా జిల్లాలో, ఠాస్రా తాలూకాలోని ధుండి యను చిన్న గ్రామమున.

ఖేడా పేరు వినగానే పెద్దవారికి రెండు విషయములు జ్ఞప్తికి వచ్చును. 1918లో పంటలు పోయినప్పుడు శిస్తు కట్టజాలమని గాంధీజీ, వల్లభభాయి పటేలు గారల నాయకత్వమున రైతులు నిలిచిన జిల్లా అది. మరల 1946లో, పాలకు తాను చెప్పినదే ధరగా నడిపించుచున్న పోల్సన్ కంపెనీకి పాలు పోయుట మాని, ఆనాడు ఆ జిల్లాలోనిదే యైన ఆనందు పట్టణమున త్రిభువనదాసు పటేలు గారి అధ్యక్షతన పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్యను నెలకొల్పుకొన్నది కూడ ఆ రైతులే. మన ఇండ్లకు వచ్చు అమూల్ వెన్నకు మూలము అదియే. ప్రొద్దున, సాయంత్రము పాలబిందె పట్టుకొని పోవుట, పాలు కొలిపించుట, వెన్న పాలు ఎంతయో చూపించుకొనుట, కొలత ప్రకారము డబ్బు తెచ్చుకొనుట ఆ ప్రాంతమువారికి మూడు తరముల అలవాటు. ఈ అలవాటు మన కథకు ముఖ్యము. మరల దీనికే వత్తుము.

ఈ కథలోని ధుండి రైతులకు నీరు కలదు గాని సేద్యమునకు కరెంటు లేకుండెను. డీజిలు ఇంజనుతో నీరు తోడుకొనుచుండిరి. డీజిలు ఇంజను సంగతి మన రైతు శ్రోతలకు మేము చెప్పవలసిన పని లేదు. డబ్బా పట్టుకొని బంకునకు పోవుట, సైకిలు వెనుక కట్టుకొని తెచ్చుట, ఇరుసు త్రిప్పి త్రిప్పి చేతులు కాయలు కాయుట, పంట గింజ పట్టు వేళకు మరమ్మతు రావుట. లీటరు డీజిలు కాలినచో 2.6 కిలోగ్రాములకు పైగా బొగ్గుపులుసుగాలి ఆకాశమున కలియును. శాస్త్రజ్ఞుడు చూచునది ఆ గాలిని. రైతు చూచునది బంకువాడిచ్చిన చీటీని. ఇద్దరు చూచుచున్నదియు ఒకే లీటరు. అయినను వారి మాటలు చాలకాలము కలియలేదు.

కలియకపోవుటకు కారణమొకటి కలదు. డీజిలు ఇంజనును తీసివేసి సౌర పంపును పెట్టినచో ఆకాశమునకు మేలు, అది నిశ్చయమే. కాని పాతాళమునకు? డీజిలు ఖరీదైనది గనుక రైతు లెక్క చూచుకొని తోడును. సూర్యునికి బిల్లు లేదు. పంపు ఒకసారి బిగించిన పిమ్మట ఎంత తోడినను కానీ ఖర్చు కాదు. నీరు చాలినదని పంపు ఆపుటకు రైతునకు కారణమే లేదు. చాలిన తరువాత ప్రక్క చేనికి, ప్రక్క చేనికి చాలిన తరువాత మరియొక నీటి పంటకు. సౌర పంపులను పెద్దయెత్తున పంచిపెట్టుదమని ప్రభుత్వములు ఉత్సాహపడుచున్న దినములలో కొందరు జలశాస్త్రవేత్తలకు నిద్ర పట్టనిది ఇందువలననే. గాలికి స్నేహితుడైన యంత్రము నీటికి పగవాడు కావచ్చును.

వారిలో ఒకరు తుషార్ షా గారు. కొలంబో కేంద్రముగా గల అంతర్జాతీయ జలవనరుల నిర్వహణ సంస్థకు ఆనందులో ఒక శాఖ కలదు. వారు అచ్చట పనిచేసిన ఆర్థికవేత్త. ఉపాయము వినుటకు బహు తేలిక. రైతు నీరు తోడని వేళ సౌర ఫలకములు చేసిన విద్యుత్తు వ్యర్థమగుచున్నది. దానిని కొనువారు ఉన్నచో? అప్పుడు రైతునకు ఎండయే ఒక పంట యగును. నీరు తోడుటయా, కరెంటు అమ్ముటయా అని ప్రతి ఉదయము అతడు ఆలోచించుకొనవలసివచ్చును. తోడిన ప్రతి గంటకు అమ్మని కరెంటు రూపమున ఒక ఖర్చు కనబడును. అనగా, ఎవరును పన్ను వేయకుండగనే, ఎవరును నిషేధింపకుండగనే, నీటికి ఒక వెల పుట్టును.

ముందుగా 2015లో ఆనందు జిల్లా థామ్ణా గ్రామమున ఒక్క రైతుతో దీనిని పరీక్షించిరి. నాలుగు నెలలలో ఆ రైతు 1,500 యూనిట్ల మిగులు విద్యుత్తును ఇచ్చి 7,500 రూపాయలు పుచ్చుకొనెను. ఆ చెక్కు ఫోటో పత్రికలలో పడినది. ఒక్క రైతు సంగతి ఒక విడ్డూరము. విడ్డూరమును చూచుటకు జనులు వత్తురు, చూచి పోవుదురు. అది ఊరి పద్ధతి కావలెనన్నచో మరియొకటి కావలెను.

ధుండిలో ఆ మరియొకటి సహకార సంఘము. 2016 నాటికి ఆరుగురు రైతులు కూడి సౌరశక్తి ఉత్పత్తిదారుల సహకార మండలిగా ఏర్పడి, మధ్య గుజరాతు విద్యుత్ కంపెనీతో 25 ఏండ్లకు అమ్మకపు ఒడంబడిక వ్రాసుకొనిరి. ఆరుగురి ఫలకములు కలిపి 56.4 కిలోవాట్లు. యూనిట్టునకు 4 రూపాయల 63 పైసలు కంపెనీ ఇచ్చుటకు ఒప్పుకొనెను. దీనికి బదులుగా, రాయితీపై వచ్చు సేద్యపు కరెంటు కనెక్షనును ఆ 25 ఏండ్లు అడుగబోమని రైతులు మాట ఇచ్చిరి. ఇది చిన్న త్యాగము కాదు. కరెంటు స్తంభము ఎప్పటికైనను మన గట్టుమీదకు వచ్చునని ఆశపడి యుండిన రైతు ఆ ఆశను కాగితముపై వదలుకొనుట అది.

పరిశోధన సంస్థవారు తమ నిధులనుండి మరి రెండు బహుమానములు చేర్చిరి. డీజిలు మాని శుభ్రమైన విద్యుత్తు చేసినందులకు యూనిట్టునకు 1 రూపాయి 25 పైసలు. నీరు తోడక మిగిల్చినందులకు మరి 1 రూపాయి 25 పైసలు. మొత్తము 7 రూపాయల 13 పైసలు. ఈ రెండవ బహుమానము పేరు మేము పలుమారులు తలచుకొన్నాము. పంట పండించినవానికి వెల ఇచ్చుట లోకమున ఎప్పుడును కలదు. తోడని నీటికి వెల కట్టి చేతిలో పెట్టుట మాత్రము మేము విన్నవానిలో క్రొత్త.

లెక్క చూడుడు. మన దేశపు ఎండలో ఒక కిలోవాటు ఫలకము దినమునకు సుమారు 4 యూనిట్లు చేయును. 8 కిలోవాట్లున్న రైతు, చేనికి నీరు అక్కరలేని దినమున, 32 యూనిట్లు అమ్మగలడు. ఆ ధరకు అది 228 రూపాయలు. నెలలో 20 దినములు అట్లు గడచినచో నాలుగున్నర వేలు. దీనికి విత్తనము అక్కరలేదు, పురుగుమందు అక్కరలేదు, కోతకూలి లేదు, మార్కెటు యార్డులో తూకమునకై రాత్రి జాగరణ లేదు. వాన పడినను, పడకున్నను, గాలివాన వచ్చి పంటను పడగొట్టినను, మరునాడు ఎండ కాచును. చేనులో ఒక మూల ఇట్టి పంట ఉన్నదన్న ధైర్యము ఎట్టిదో ఒక్క ఏడు కరవు చూచిన కుటుంబమునకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను మొదట ఎవరును ఎగబడి రాలేదు. ఇది మనము నిలిచి చూడవలసిన చోటు. మొదటి ఆరుగురు కిలోవాటునకు 5,000 రూపాయల చొప్పున మాత్రము తమ వాటా ఇచ్చిరి. మిగిలినది సంస్థవారు పెట్టుకొనిరి. తరువాత మరి ముగ్గురు చేరిరి. సంఘము తొమ్మిదిమంది యయ్యెను. ఈ ముగ్గురు ఇచ్చినది కిలోవాటునకు 25,000 రూపాయలు. యంత్రము మారలేదు, ఊరు మారలేదు, సూర్యుడు మారలేదు. ఒక ఏడు పొరుగువాని గట్టుమీద ఫలకము పనిచేయుట చూచిరి. పొరుగువాని ఖాతాలో డబ్బు పడుట చూచిరి. ఆ చూపు వెల కిలోవాటునకు 20,000 రూపాయలు! ఎన్ని కరపత్రములు వేసినను, మావంటివారు ఎన్ని ప్రసంగములు చేసినను, ఆ పని జరిగియుండదని మేము నిస్సంకోచముగా ఒప్పుకొనుచున్నాము.

మా కార్యదర్శిగారి ప్రశ్నకు జవాబులో సగము ఇక్కడనే ఉన్నది. చేయి ఎత్తించినది భూగోళము కాదు. డీజిలు పీడ వదలుట, నెల నెలా కొంత డబ్బు చేతికి వచ్చుట, ప్రక్కవాడు చేసి చెడిపోలేదన్న నమ్మకము: ఇవి ఎత్తించినవి. ఇట్లనుట రైతును చిన్నబుచ్చుట కాదు. పట్టణమున మనము మాత్రము కరెంటు బిల్లు తగ్గునని గాక భూమాత చల్లబడునని దీపపు బల్బు మార్చినామా?

మిగిలిన సగము సంఘములో ఉన్నది. అది అంత పైకి కనబడదు. ఒక్కొక్క రైతునుండి విడివిడిగా కరెంటు కొనుటయన్న విద్యుత్ కంపెనీకి పెద్ద తలనొప్పి. ప్రతి చేనికి ఒక మీటరు, ప్రతి మీటరునకు ఒక బిల్లు, ప్రతి బిల్లునకు ఒక తగవు, ప్రతి మీటరుతోను దొంగతనపు భయము. ధుండిలో ఆరుగురి తీగలను ఒకచోట చేర్చి, కంపెనీకి ఒక్క మీటరు చూపించిరి. కంపెనీ సంఘమునకు మొత్తము డబ్బు ఇచ్చును. లోపల ఎవరి చేనిలోని మీటరు ప్రకారము వారికి సంఘము పంచును. సహకార సంఘము రైతులను మాత్రమే కాదు, కొనువానిని కూడ ఒప్పించుననుట దీనివలన తెలియును. క్రొత్త యంత్రమును గూర్చి రైతు మనసులో ఏమున్నదని అడుగువారు పెక్కుమంది. దాని ఫలమును కొనవలసిన కంపెనీ మనసులో ఏమున్నదని అడుగువారు తక్కువ.

ఇక ఆ పాల అలవాటు. ఒకరు పోసినది వేరుగా కొలిచి, అందరిది ఒకే పీపాలో కలిపి అమ్మి, కొలత ప్రకారము పంచుకొనుట వారు ఏడు దశాబ్దములుగా చేయుచున్న పనియే గదా! పాలబదులు కరెంటు, పాలకొలత బదులు మీటరు. పుస్తకములో అంకె తప్పినచో అడుగుట ఎట్లో, కార్యదర్శిని మార్చుట ఎట్లో వారికి తెలియును. క్రొత్త యంత్రము పాత నమ్మకముపై వచ్చి వాలినది. నమ్మకము లేనిచోట అదే యంత్రమును దించినచో అది సంఘము కాదు, లబ్ధిదారుల జాబితా యగును.

గుజరాతు ప్రభుత్వము 2018లో సూర్యశక్తి కిసాన్ యోజన యను పేర ఈ ఆలోచనను పెద్దదిగా చేపట్టినది. మొదటి ఏడేండ్లు యూనిట్టునకు 7 రూపాయలు, అందులో సగము రాష్ట్ర ప్రభుత్వమిచ్చునది. పిమ్మట 18 ఏండ్లు 3 రూపాయల 50 పైసలు. కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రవేశపెట్టిన కుసుమ్ పథకములో కూడ మిగులు విద్యుత్తును అమ్ముకొను భాగమొకటి చేరినది. ఒక చిన్న ఊరి ఆరుగురి ప్రయత్నము ఇంత దూరము పోవుట అరుదు.

డబ్బు ఇచ్చువారు లేనిచోట ఏమగునని మీరడుగవచ్చును. దానికి వేరొక దేశమునకు పోవలసియున్నది. ఫిలిప్పీన్సులో లూజాను ద్వీపమున తార్లాక్ రాష్ట్రములో, విక్టోరియా పట్టణము పరిధిలోని కెనారెమ్ గ్రామమున, లోతు బావినుండి పంపుతో నీరు తోడుకొని వరి పండించు రైతుల సహకార సంఘమొకటి కలదు. 2002లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు, అక్కడి జాతీయ సంస్థలవారు వారికొక పద్ధతి చూపించిరి. మన భాషలో దానికి ఆరుతడి యనుమాట సరిగా సరిపోవును. వరిమడిలో నిరంతరము నీరు నిలువనక్కరలేదు. బెజ్జములు పెట్టిన గొట్టము నొకదానిని మడిలో పాతి, అందులో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్ల క్రిందికి దిగువరకు ఆగి, అప్పుడు మరల తడి పెట్టవచ్చును. పూత సమయమున మాత్రము నీరు నిలుపవలెను. దిగుబడి తగ్గదు. నిలువనీటి బురదలో పుట్టు మీథేను వాయువు, బొగ్గుపులుసుగాలికంటె ఎన్నో రెట్లు వేడి పుట్టించునది, సగమునకు దాపుగా తగ్గును.

తార్లాకు రైతులు ఆ గొట్టమును త్వరగానే నమ్మిరి. మీథేను కొరకు కాదు. పంపు నడచిన గంటలకు ఖర్చు వారే కట్టుకొనుచుండిరి. తడి తగ్గినచో ఖర్చు తగ్గును. బొహోల్ ద్వీపమున పెద్ద ఆనకట్ట క్రింది కాలువలలో ఇదే పద్ధతి అంత సులభముగా నడువలేదు. ఆనాడు కాలువ నీటికి పన్ను ఎకరము లెక్కను ఉండెను. ఎంత పెట్టుకొన్నను పన్ను అదే అయ్యెను. పై మడివాడు నీరు ఆదా చేసినచో లాభము క్రింది మడివానిది. అచ్చట వాయిదాల ప్రకారము నీరు వదలి, క్రింది భూములకు నీరందునట్లు నీటి సంఘములు కట్టడి చేయవలసివచ్చినది. మన కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలువ చివరి భూముల రైతులు ఈ మాట వినినచో నవ్వుకొందురు. పై మడివాడు, క్రింది మడివాడు ప్రపంచమంతట ఒక్కటే.

మన ఇంటికి వత్తము. ఇచ్చట మా ధైర్యము కొంత సడలుచున్నది. ధుండి లెక్క అంతయు డీజిలు ఖరీదైనదను పునాదిపై నిలిచినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004నుండి సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. తెలంగాణములో 2018 జనవరి 1నుండి దానిని 24 గంటలు చేసిరి. అప్పుల పాలై బావిగట్టుననే ప్రాణములు తీసికొన్న రైతుల దినములలో వచ్చిన సహాయమది. దానిని తేలికగా తీసివేయుమనువారితో మేము ఏకీభవింపము. అయినను ఉన్నమాట చెప్పవలెను. ఊరక వచ్చు కరెంటుతో తోడిన నీటికి వెల లేదు. వెల లేనిదానిని మిగిల్చుటకు కారణము లేదు. అట్టి రైతు వద్దకు పోయి సౌర పంపు పెట్టుకొనుమన్నచో, ఇప్పుడు నాకు తక్కువేమని అడుగును. అతడు అడుగుట న్యాయమే. తోడని నీటికి వెల ఇచ్చినప్పుడు మాత్రమే ఆ ప్రశ్నకు జవాబు దొరకును.

డబ్బు ప్రమేయము లేకుండ మన రైతులే నీటిని లెక్కపెట్టుకొన్న కాలమొకటి కలదు. 2003 తరువాత కొన్నేండ్లు, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్గొండ, ప్రకాశము జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా రైతుల యాజమాన్యమున భూగర్భజల పథకము నడచినది. 638 ఆవాసములలో రైతులు, వారిలో స్త్రీలు కూడ, వానమాని పెట్టుకొని వానను కొలిచిరి. బావులలో నీటిమట్టమును పక్షమున కొకమారు కొలిచి ఊరిగోడపై వ్రాసిరి. వానకారు ముగియగానే అందరు కూర్చుండి, భూమిలోనికి చేరిన నీరు ఎంత, వేయదలచిన పంటలు త్రాగునది ఎంతయని బడ్జెటు వేసుకొనిరి. పిమ్మట ఏ పంట వేయవలెనన్నది ఎవరి యిష్టము వారిది. నిషేధము లేదు, సబ్సిడీ లేదు. ఆ గోడమీది అంకె చూచి వరి మాని ఆరుతడి పంటలు వేసినవారు పెక్కుమంది యని కొందరు పరిశీలకులు వ్రాసిరి. అంత మార్పు లేదని మరికొందరు వ్రాసిరి. మా యభిప్రాయము చెప్పవలెనన్నచో, అంకె తెలియుట గొప్ప బలమే. కాని ఒంటరి బలము. పొరుగువాడు ఆపక తోడుచుండగా నేనొక్కడను ఆపినచో నా నీరు అతని బావిలోనికి పోవునన్న భయమును గోడమీది అంకె పోగొట్టలేదు.

ధుండిని మేము అద్దములో పెట్టి చూపుచున్నామని తలపవలదు. అందులో బొక్కలు కలవు. నీరు మిగిల్చినందులకు ఇచ్చిన బహుమానము పరిశోధన సంస్థ నిధి. అట్టి నిధి ఎల్లకాలము, ఎల్ల ఊళ్లకు ఉండునా? విద్యుత్ కంపెనీ ఇచ్చు ధర తగ్గినచో, కరెంటు అమ్ముటకంటె పొరుగువారికి నీరు అమ్ముటయే లాభమగును. అప్పుడు బావి ఎండవలసినదే. సభ్యులు డీజిలు కాలముకంటె చౌకగా పొరుగువారికి నీరు అమ్మిరి. బావిలేని చిన్న రైతునకు అది ఎంత ఉపకారమో చెప్పలేము. బావికి అది ఎంత ఉపకారమో కూడ చెప్పలేము! రెండును నిజములే. పైగా సంఘములో చేరుటకు బావి ఉండవలెను, ఫలకములు నిలుపుటకు చోటు ఉండవలెను. కౌలురైతు ఈ లెక్కలో ఎక్కడను లేడు. మన డెల్టా జిల్లాలలో సేద్యము చేయువారిలో కౌలుదారులు ఎందరో మన కార్యదర్శులకు తెలియును.

అయినను నమ్మకపు పెట్టుబడి విషయమున మనము బీదవారము కాము. ముల్కనూరు గ్రామమున 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు ప్రారంభించిన సహకార గ్రామీణ బ్యాంకు అప్పులిచ్చి, విత్తనములు చేసి, పంట కొని, సభ్యులను దళారులనుండి కాపాడుచు దశాబ్దములు నిలిచినది. ఉమ్మడి రాష్ట్రమున 1995లో చేసిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, ప్రభుత్వపు వాటాధనము లేకుండ సభ్యులే తమ సంఘమును నడుపుకొనుటకు దారి తెరచినది. ఖేడావారికి పాల పీపా ఉన్నట్లు, మనకును కొన్ని పీపాలు కలవు. ఎవరు ఎంత పోసినారో కొలుచుకొనుట తెలిసిన సంఘము ఎక్కడ ఉన్నదో అక్కడ మొదలుపెట్టవలెను గాని, సౌర ఫలకములు ఎక్కడ ఎక్కువ మంజూరైనవో అక్కడ కాదు.

కార్యదర్శిగారికి మేము వ్రాసిన ప్రత్యుత్తరములోని సారాంశము ఇది. మీ సమావేశమున వాతావరణమును గూర్చి మాటలాడవలదనము. అది చివర చెప్పుడు. మొదట మీ సభ్యులు కిందటి ఏడు ఇంజనుకు, మోటారు మరమ్మతునకు, లోతు బోరు వేయుటకు పెట్టిన ఖర్చు ఒక కాగితముపై వ్రాసికొని పొండు. పథకము వచ్చినదని అధికారి చెప్పినప్పుడు, తోడని దినమున మాకేమి వచ్చును, ఎన్నేండ్లు వచ్చును, ఆ ధర తగ్గినచో ఎవరు బాధ్యులు అని అడుగుడు. మీటరు ఒకటియా, పదియా యని అడుగుడు. ఒకటే యైనచో లోపలి పంపకము పుస్తకమును ఎవరు వ్రాయుదురో, ఎవరు తనిఖీ చేయుదురో ముందే తీర్మానింపుడు. ఇరువదిమంది చేరవలెనని పట్టుబట్టక, వచ్చిన అయిదారుగురితో మొదలుపెట్టుడు. మిగిలినవారు గట్టుమీదనుండి చూతురు, చూడనిండు. కౌలుదారునకు చోటు ఎట్లని మీ సభ్యులే అడిగినచో, దానికి జవాబు మావద్ద లేదని చెప్పుడు.

వారినుండి ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. సర్వసభ్య సమావేశము వేసవి కోతల తరువాత అని వ్రాసియుండిరి. ఎన్ని చేతులు లేచినవో తెలిసిననాడు, ఒక్కటి లేచినను సరియే, ఏమియు లేవకున్నను సరియే, ఈ కార్యక్రమముననే మీకు వినిపింతుము.